అప్పు కండ్లు

ఫాతిమానగర్ బ్రిడ్జి దిగంగనే మా రిపేరు షాపు.
షటర్ సగం దించినంక వంగి లోపలికొచ్చిండు మొగిలి సారు.
చేతి సంచిల టిఫిన్ డబ్బా,
పేపర్ల చుట్టిన ఒక సీడీ,
దాని మీద మార్కర్ రాత: కాజీపేట - బల్లార్ష.

"రైలు నడిపే ఆట బిడ్డా, పాతది.
షెడ్ల పోరడొకడు మన లైను మొత్తం కట్టిండు అండ్ల,
సిగ్నలుకు సిగ్నలు, గేటుకు గేటు.
కొత్త కంప్యూటర్ల ఎక్కుతలేదు."

ఎక్కదు మరి.
ఇరవై ఏండ్ల కిందటి ఆట,
ఇప్పటి మిషన్ను మొకం కూడ గుర్తుపట్టదు.
కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పుట్టియ్యాలె.
దానికి ఇనుము లేదు, ఫ్యాన్ లేదు, ఒట్టి లెక్కలే,
ఆ ముచ్చట మాత్రం దానికి చెప్పొద్దు.
రెండు జీబీ మెమరీ పంచిచ్చిన,
ఇరవై జీబీ జాగ ఇచ్చిన, పాత విండోస్ ఎక్కించిన.
లేచి, చుట్టపింట్ల నిద్ర లేచిన పిల్ల లెక్క
నాలుగు దిక్కులు చూసి, ఇదే లోకమనుకున్నది.

రైలు కదిలింది. కదిలిందంటే,
సెకనుకు రెండు బొమ్మలు.
చెట్లు అట్టపెట్టెలు, మొగులు గులాబి రంగు,
హసన్‌పర్తి రోడ్ బోర్డు మీద పేరు లేదు, ఒట్టి తెల్ల పలక.
ఖిలా వరంగల్ల తోరణాలు నిలబడి
నడుమ గుడి లేనట్టు,
చౌకట్లు వచ్చినయి, లోపలిది రాలే.

"సిగ్నల్ ఏం రంగున్నది?"
"బూడిద రంగు సార్."
నవ్విండు.
"ఆఖరుకు నాకూ గట్లనే కనబడ్డది."

టీబీ మందులు మింగిన ఏడాది
చుక్కల పుస్తకంల అంకె దొరకలేదట.
డాక్టర్ పేజీ తిప్పిండు, మళ్ళ తిప్పిండు.
అప్పటిసంది క్రూ లాబీల కుర్చీ,
బండెక్కేటోళ్ళ మూతుల కాడ ఊదుడు మిషన్ పట్టుడు,
వాళ్ళ సంతకాలు తీసుకునుడు.

త్రీడీ గడిల టిక్కు పెట్టిన. నల్ల తెర.
డ్రైవర్ మార్చిన. నీలం తెర.
లోపలిదానికి అసలు గ్రాఫిక్స్ కార్డు కానరాదు సార్,
బయటిది చూసి చెప్పాలె, ఇది విని గీసుకోవాలె,
అందుకే ఈ నత్త నడక.
ఒక్క దారున్నది: కార్డునే పట్టి లోపలికిచ్చుడు.
నా కాడ ఉన్నదొక్కటే కార్డు.
ఇస్తే బయటిదానికి చూపుండదు.

"వద్దులే బిడ్డా," అన్నడు, నిజంగనే భయపడి.
అప్పటికే కమాండ్ కొట్టిన.

తెర ఆరిపోయింది.
నా ఫైళ్ళు, నా బిల్లులు, సగం రాసిన కొటేషను,
అన్నీ ఏడనో చీకట్ల నడుస్తనే ఉన్నయి.
ఒకటి, రెండు, మూడు... పదకొండు దాక లెక్కపెట్టిన.
పన్నెండుకు వెలుగొచ్చింది.

సెకనుకు అరవై బొమ్మలు!
పట్టాల మీద కంకర రాళ్ళు వేర్వేరుగ,
జమ్మికుంట యార్డు కాడ పత్తి లారీలు,
అద్దం మీద వాన చుక్కలు సుతం.
సారు నడుము నిటారైంది.
ఎడమ చెయ్యి, లేని హ్యాండిల్ కోసం గాలిల ఎతికి
కీబోర్డు మీదికి దిగింది.

"పిలువు బిడ్డా."
"ఏంది సార్?"
"సిగ్నల్ గట్టిగ పిలువాలె. ఒకరు పిలిస్తె ఇంకొకరు తిరిగి చెప్పాలె.
ఇంజన్ల ఇద్దరుండేది అందుకే."

"పచ్చ సార్."
"పచ్చ."
బిజిగిర్ షరీఫ్ దాటినం.
"డబుల్ పసుపు."
"డబుల్ పసుపు," అని వేగం కోసిండు.
షాపు వెనుకనుంచి నిజం బండొకటి పోయింది,
అద్దాలు గలగలమన్నయి.
తల తిప్పకనే అన్నడు, "బొగ్గు. నిండు బండి."

ఓదెల ముందర ఎర్ర పడ్డది.
పిలిచిన. తిరిగి చెప్పి ఆపిండు,
గీత మీద, ఇంచు అటు ఇటు గాకుండ.
ఆటల ఎర్ర ఎంతసేపుంటదో
నాకు తెలువదు, ఆయనకూ తెలువదు.
డబ్బా మూత తీసిండు.
జొన్నరొట్టె తుంచి సగం నా దిక్కు జరిపి,
టమాట తొక్కు నడుమ పెట్టి అన్నడు:
"పచ్చ పడితె చెప్పు."